ఏ పచ్చ, పెద్దమ్మా?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో మా పెద్దమ్మ మనవడు సైకిలు మీంచి పడ్డాడు. మోకాలి కింద కమిలి, మర్నాటికి నేరేడుపండు రంగు తేలింది. నాలుగైదు రోజుల తర్వాత ఫోను చేస్తే, "పచ్చబడిందిరా, ఇంక తగ్గిపోతుంది" అంది పెద్దమ్మ. ఆమె ఏ ప్రయోగశాల గడపా తొక్కలేదు గానీ, చెప్పింది మాత్రం అచ్చమైన జీవరసాయనం.

చర్మం కింద ఒలికిన ఎర్రకణాలను భక్షక కణాలు మింగేస్తాయి. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌లో హీమ్ అనే చిన్న చక్రం ఉంటుంది, దాని నడిమధ్యన ఇనుము. ఉన్నచోట ఉంటే ప్రాణవాయువును మోసే ఈ చక్రమే విడిపడి తిరిగితే కణాల పొరలను పాడు చేస్తుంది. అందుకే దాన్ని తెంచే ఎంజైము ఒకటుంది: హీమ్ ఆక్సిజనేజ్. 1968లో టెన్‌హునెన్, మార్వర్, ష్మిడ్ దీన్ని వర్ణించారు. చక్రం తెగితే మూడు వస్తాయి. ఇనుము. పిడికెడు కార్బన్ మోనాక్సైడ్ కూడా కాదు, ఇసుమంత. కొరాపుట్ చలిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ప్రాణం తీసేది ఆ వాయువే. మూడోది బిలివెర్డిన్, ఆకుపచ్చ. దాన్ని ఇంకో ఎంజైము బిలిరుబిన్‌గా మారుస్తుంది, అది పసుపుపచ్చ. కామెర్లలో కళ్లకెక్కేది ఇదే. ఆకునూ పసుపునూ ఒకే మాటతో పచ్చ అనేసే మన భాషకు ఈ వరస సరిగ్గా సరిపోయింది.

ఈ ఎంజైములో రెండు రకాలు. రెండోది ఎప్పుడూ పనిలో ఉండే నౌకరు. మొదటిది పిలిస్తేనే వస్తుంది. 1989లో కీస్, టిర్రెల్ అనే ఇద్దరు మనిషి చర్మకణాలకు అతినీలలోహిత కిరణాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆర్సెనైట్ తగిలించినప్పుడు 32 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలిచే లెక్క ఇది) ప్రోటీను ఒకటి ఉబికి వచ్చింది. తీరా చూస్తే అది ఈ మొదటి రకమే. కణం ఏదో కష్టంలో పడిందని చెప్పే గుర్తుగా అప్పటినుంచి దీన్ని వెతుకుతున్నారు.

1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది నల్లని రేణువుల ఆనవాలుతోనే. ఆ నలుపు క్రిమి గడ్డకట్టించి పెట్టుకున్న హీమే. మన ఎంజైముకు అలాంటి రంగు లేదు, సూక్ష్మదర్శినిలో తనంత తాను కనబడదు. ఆచూకీ తీయడానికి ప్రతిరక్షకం కావాలి. ఎంజైము ముక్కను కుందేలుకో ఎలుకకో ఎక్కిస్తే, దాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లు దాని ఒంట్లో తయారవుతాయి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ చూపిన పద్ధతి వచ్చాక ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు.

వాడే తీరు వంటింటికి దూరం కాదు. కణాలను నలిపి, ప్రోటీన్లను జెల్‌లో విద్యుత్తుతో పరుగెత్తిస్తే చిన్నవి ముందుకు, పెద్దవి వెనక్కి. వాటిని సన్నని పొర మీదికి దించి, ఖాళీ జాగాలకు ప్రతిరక్షకం అంటుకోకుండా వెన్న తీసిన పాలపొడి కలిపిన నీళ్లలో నానబెడతాం. తర్వాత ప్రతిరక్షకం, చల్లని గదిలో రాత్రంతా ఊపుతూ. పొద్దున దాన్ని పట్టుకునే రెండో ప్రతిరక్షకం, దానికి కట్టిన వెలుగు పుట్టించే ఎంజైము. ఆ వెలుగు సోకినచోట చివరికి నల్లని గీత.

ఆ గీతను చూసి నేను ఒకసారి మోసపోయాను. ఎలుక కణజాలం మీద ఎలుక ప్రతిరక్షకమే వాడాను. గీత దట్టంగా వచ్చింది, సంబరపడ్డాను. పక్కన కొలత చూస్తే 50 కిలోడాల్టన్ల దగ్గర ఉంది. ఎలుక రక్తంలో సహజంగా ఉండే ప్రతిరక్షకాల్లో పెద్ద ముక్క, బరువు గొలుసు అంటారే, అది. రెండో ప్రతిరక్షకం ఎలుకదైన ఏ ప్రతిరక్షకాన్నైనా పట్టుకుంటుంది కనుక దానికే వెళ్లి అతుక్కుంది. నాలుగు రోజుల శ్రమ, ఎలుక తన సొంత ఊరివాళ్లను నాకు పరిచయం చేసింది, అంతే. అసలు గీత 32 దగ్గర ఉండాలి. 36 దగ్గర ఉంటే రెండో రకం నౌకరేమోనని అనుమానించాలి. ప్లీహం పాత ఎర్రకణాలను రోజూ కూల్చే చోటు కనుక, దాని నమూనాను పక్కన పెట్టి సరిచూసుకోవడం మంచిది.

గీత సరైనచోట వచ్చినా అది చెప్పేది కొంతే. వేసవిలో ఘాట్ రోడ్డు మీంచి చూస్తే కొండ మీద పొగ కనబడుతుంది; పోడు కాలుస్తున్నారో, అడవే అంటుకుందో పొగ చెప్పదు. ఈ ఎంజైమూ అంతే. విషమా, వాపా, విడిపడిన హీమా అన్నది వేరే పరీక్షతో తేల్చుకోవాలి.

కొరాపుట్, మల్కన్‌గిరి వైపు మలేరియా, కొడవలి కణాల జబ్బు రెండూ తెలిసినవే కదా, అందుకే ఈ సంగతి నన్ను పట్టుకుంది. 2011లో వచ్చిన ఎలుకల అధ్యయనం ప్రకారం, కొడవలి హిమోగ్లోబిన్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినప్పుడు ఈ ఎంజైము ముందే మేల్కొని ఉంటుంది. అది వదిలే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌కు అంటుకుని హీమ్ ఊడిపోకుండా ఆపుతుంది. క్రిమి సంఖ్య తగ్గదు, మెదడుకెక్కే మలేరియా చంపడం తగ్గుతుంది. కుంపటి దగ్గర చంపే వాయువు ఇక్కడ కాపలా కాస్తోంది.

ఇవన్నీ తలలో తిరుగుతుంటే పెద్దమ్మను అడిగాను, "ఏ పచ్చ పెద్దమ్మా, ఆకుపచ్చా పసుపుపచ్చా?"

"అంచున పసుపు, మధ్యలో ఆకు" అంది. "వాడు మళ్లీ సైకిలెక్కాడు, ఉంటాను."