లారీ కూలెంట్ లీకులు: అపోహలు - వాస్తవాలు

కడప నుంచి రాయచోటి వైపు వెళ్లే లారీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పైన ఆగిందంటే డ్రైవర్ రెండు పనులు చేస్తాడు. ఇంటికి పాలకోవా కొంటాడు, క్యాబిన్ లేపి ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఉండే ట్యాంకు వైపు ఒకసారి చూస్తాడు. ఆ చూపులో అనుమానం కలిగితే తిరుగు ప్రయాణంలో బండి మా షెడ్డుకు వస్తుంది. "నీళ్లు తగ్గుతున్నాయన్నా, హెడ్డు విప్పాలేమో" అన్న తీర్పు కూడా బండితో పాటే వస్తుంది. హెడ్డంటే ఇంజన్ సిలిండర్లను పైనుంచి మూసే భాగం. ఎర్రగుంట్ల సిమెంటు లారీలు, బండల లారీలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. నిజంగా హెడ్డు విప్పాల్సి వచ్చినవి వాటిలో కొన్నే. మిగిలిన వాటిలో లోపం ఎక్కడో పైపైనే ఉంటుంది, ఓపికగా వెతకాలి.

అపోహ: మన ఎండలకు కూలెంట్ ఆవిరై తగ్గడం మామూలే.

కడప ఎండ ఎంతటిదైనా మూత బిగించిన రేడియేటర్‌లోంచి నీటిని తాగేయలేదు. వారానికి అర లీటరు పోయాల్సి వస్తోందంటే అది ఎక్కడో బయటికి పోతున్నట్టే. నేను మొదట చూసేది మూతనే. దాని స్ప్రింగు లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. బయటి గాలి ఒత్తిడికి అదనంగా దాదాపు అంతే, అంటే ఒక బార్ ఒత్తిడి ఉంటే మామూలు నీరు కూడా 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత రబ్బరు పగిలినా, స్ప్రింగు వదులైనా ఘాట్‌లో లోడు మీద కూలెంట్ ముందే మరిగి ఓవర్‌ఫ్లో పైపు దారిన పోతుంది. అప్పుడు ఏ పైపూ చిట్లదు, ఏ గ్యాస్కెటూ (రెండు భాగాల మధ్య సందును మూసే పొర) పోదు, నీళ్లు మాత్రం తగ్గుతాయి. ఇంత చవకైన వస్తువును వదిలేసి ఇంజన్ మీద పడటం నాకు ఎప్పటికీ అర్థం కాదు. మూత మార్చేటప్పుడు పాతదాని మీద ముద్రించిన ఒత్తిడి అంకె చూసి అదే తీసుకోవాలి.

అపోహ: కింద చుక్క పడకపోతే లీకు లేనట్టే.

వేడి ఇంజన్ మీద పడిన చుక్క నేల దాకా రాదు, అక్కడే ఆరిపోతుంది. ఆరిన చోట మాత్రం గుర్తు వదులుతుంది. కూలెంట్ రంగును బట్టి పచ్చగానో గులాబీ రంగులోనో, బోరు నీళ్లయితే తెల్లగానో ఒక పొర గట్టిపడి ఉంటుంది. సిమెంటు లారీలో ఆ పొర దుమ్ములో కలిసిపోతుంది కాబట్టి ముందు ఇంజన్ కడిగించి, ఒక ట్రిప్పు తిప్పి తీసుకురమ్మంటాను. తడి కనిపించిన చోటే రంధ్రం ఉంటుందనుకోకండి. ఫ్యాన్ గాలి చుక్కను వెనక్కి తోస్తుంది, దాని బరువు కిందికి లాగుతుంది. అందుకే తడి నుంచి పైకి, ముందుకు వెతుక్కుంటూ వెళ్లాలి.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అది కావాలని పెట్టినదే. లోపలి సీలు అరిగితే నీరు బేరింగు మీదికి పోకుండా ఆ దారిన బయటికి వస్తుంది. "ఎం-సీల్ పెట్టి మూసేశాం" అని ఒక డ్రైవర్ గర్వంగా చెప్పాడు. కొద్ది రోజులకే బేరింగు కూడా పోయింది.

కొన్ని లీకులు చలికాలం తెల్లవారుజామునే కనిపిస్తాయి. చల్లబడితే రబ్బరు, ఇనుము ముడుచుకొని క్లిప్పు దగ్గర సందు ఏర్పడుతుంది, వేడెక్కితే మూసుకుపోతుంది. మధ్యాహ్నం షెడ్డుకు తెస్తే ఏమీ దొరకదు. అలాంటి బండిని రాత్రంతా షెడ్డులోనే ఉంచుకుంటాను. ఉదయం స్టార్టు చేయకముందే రేడియేటర్ మూత ఉండే చోట ఒత్తిడి మీటరున్న చిన్న గాలి పంపు బిగించి, మూత మీది అంకె దాకా మాత్రమే ఒత్తిడి ఎక్కించి, పావుగంట ముల్లును చూస్తూ కూర్చుంటాను. ముల్లు కదలకపోతే ఇంజన్‌ను వేడి చేసి మళ్లీ చూస్తాను. ముల్లు పడిపోతూ బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపల ఉన్నట్టు. అసలు పని అక్కడ మొదలవుతుంది.

అపోహ: రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

ఈ ఒక్క నమ్మకం లారీ ఓనర్ల డబ్బును ఎంత తినేసిందో లెక్కలేదు. బేతంచెర్ల బండలు తోలే లారీ ఒకటి మా దగ్గరికి వచ్చేసరికే వేరే షెడ్డులో హెడ్డు విప్పి, కొత్త గ్యాస్కెట్ వేసి, మళ్లీ బిగించారు. బుడగలు మాత్రం ఆగలేదు. హెడ్డు వంగిందని, మార్చాలని చెప్పారట. నేను స్పానరు పట్టుకోకుండా ఇంజన్ స్టార్టు చేయించి బుడగలు చూస్తూ నిలబడ్డాను. బ్రేకు ఎయిర్ ట్యాంకు నిండేదాకా బుడగలు వచ్చాయి. ట్యాంకు నిండి కంప్రెసర్ గాలి తోయడం ఆపగానే బుడగలూ ఆగాయి. బ్రేకు తొక్కించి గాలి ఖర్చు చేస్తే మళ్లీ మొదలయ్యాయి.

లారీల్లో ఎయిర్ కంప్రెసర్ హెడ్డును చాలావరకు ఇంజన్ కూలెంటే చల్లబరుస్తుంది. దాని చిన్న గ్యాస్కెట్ పోతే గాలి కూలెంట్‌లోకి వస్తుంది, కొన్నిసార్లు కూలెంట్ ఎయిర్ ట్యాంకులోకి పోతుంది. పొద్దున ట్యాంకు డ్రెయిన్ లాగినప్పుడు రంగు నీళ్లు వస్తే క్లీనర్ ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఆ బండికి మేము మార్చింది అరచేయంత గ్యాస్కెట్.

బుడగలు గాలివా, సిలిండర్ లోపల మండిన గ్యాసువా అని తేల్చే రసాయన పరీక్ష కూడా ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి ఆవిరిని నీలి ద్రవంలోంచి పోనిస్తే, మండిన గ్యాసు ఉంటే దాని రంగు మారుతుంది. ఆ పరీక్ష చేయకుండా నేను హెడ్డు ముట్టుకోను.

బీఎస్-6 బండ్లలో ఇంకో దొంగ ఉన్నాడు. పొగగొట్టం వైపు వెళ్లే గ్యాసులో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ చిట్లితే కూలెంట్ పొగతో పాటే పోతుంది. నేల పొడిగా, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ శుభ్రంగా, కూలెంట్ డబ్బా మాత్రం ఖాళీగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ, తీపి వాసన వస్తుంటే ముందు అక్కడ చూడాలి.

అపోహ: డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద ఆయిల్ బాగుంటే లోపల లీకు లేదు.

నీరు ఆయిల్ కంటే బరువు. రాత్రంతా నిలిచిన బండిలో అది చాంబర్ అడుగుకు చేరుతుంది, డిప్‌స్టిక్‌కు అందకపోవచ్చు. స్టార్టు చేయకముందే డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేస్తే ముందుగా వచ్చేది నీరే. అలా వస్తే లైనర్ (పిస్టన్ కదిలే సిలిండర్ గొట్టం) చుట్టూ ఉండే ఓ-రింగులు, కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ అనుమానించాలి. ఆయిల్ కూలర్‌కు ఒక తమాషా ఉంది. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలెంట్‌లోకి వస్తుంది. ఇంజన్ ఆపాక కూలెంట్ ఒత్తిడి మిగిలి ఉంటుంది కాబట్టి నీరు ఆయిల్ వైపు తిరుగుతుంది. ట్యాంకులో జిడ్డు తేలడం అందుకే.

అపోహ: కూలెంట్ చలి ప్రాంతాలకే, మనకు బోరు నీళ్లు చాలు.

మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లపొర చూసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. అదే పొర ఇంజన్ లోపలా కడుతుంది. పైగా లారీ లైనర్ బయటి గోడ మీద ఇంజన్ అదురుకు సన్నని బుడగలు పుట్టి పగులుతూ ఇనుమును గుచ్చినట్టు గుంటలు చేస్తాయి. కూలెంట్‌లోని మందులు ఆ గోడను కాపాడతాయి, బోరు నీళ్లలో అవి ఉండవు. దారిలో వేరే గతి లేక పోసినా, ఊరు చేరాక మొత్తం తీసి కంపెనీ చెప్పిన కూలెంట్ పోయండి. కలపాల్సి వస్తే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

అపోహ: పసుపు వేస్తే లీకు ఆగుతుంది.

సన్నని రంధ్రమైతే కాసేపు ఆగుతుంది, కాదనను. ఆ పసుపే రేడియేటర్ సన్న గొట్టాల్లో ముద్ద కడుతుంది. అర్ధరాత్రి ఘాట్ మధ్యలో నిలిచిపోయినవాడు వేస్తే తప్పు పట్టను. షెడ్డులో వేసేవాడిని మాత్రం మెకానిక్ అనను.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కాక నీటిని రేడియేటర్ వైపు వదిలే కవాటం. చాలా ఇంజన్లలో రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారిని మూసేది కూడా అదే. పీకేస్తే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే వేడిగా ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది.

అపోహ: నాలుక మీద వేసుకుంటే నీరో కూలెంటో తెలుస్తుంది.

తీపిగా ఉంటుంది, నిజమే. కూలెంట్లలో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ మూత్రపిండాలను దెబ్బతీసే విషం. వేళ్ల మధ్య రుద్దితే తగిలే జిగట చాలు, రుచి చూడకండి. ఆ తీపికి పశువులు, కుక్కలు కూడా వస్తాయి. అందుకే ఇంజన్‌లోంచి తీసిన కూలెంట్‌ను మా షెడ్డులో మూత ఉన్న డబ్బాలోకి పట్టి లోపల పెడతాం.