కోరల్ ట్యాంక్ పట్టనంత పెరిగిపోయిందా? నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళల్లో రీఫ్ ట్యాంకులు, అంటే ఉప్పునీళ్ళలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే అద్దాల తొట్లు, చూసుకోవడం నా పని. ఎక్కువగా వచ్చే ఫోన్ ఏంటంటే, "అన్నా, లెదర్ కోరల్ నీళ్ళ పైకి వచ్చేసింది, కింద ఉన్నవన్నీ నీడలో పడిపోయాయి, ఏం చెయ్యను" అని. కొన్నప్పుడు రూపాయి బిళ్ళంత ఉంటుంది, కొన్నేళ్ళకి అన్నం కంచమంత అవుతుంది. బాగా చూసుకున్నారు కాబట్టే పెరిగింది, అందులో మీ తప్పేం లేదు, కానీ దాని గురించి విన్నవన్నీ నమ్మొద్దు.

అపోహ: ట్యాంక్ చిన్నదైతే కోరల్ కూడా చిన్నగానే ఉండిపోతుంది.

ఉండదు. టోడ్‌స్టూల్ అని అమ్మే సార్కోఫైటన్, పుట్టగొడుగు ఆకారంలో ఉండే లెదర్ కోరల్, సముద్రంలో రెండడుగులు కూడా దాటుతుంది, 40 గ్యాలన్ల ట్యాంకులో వేసినా దాని పెరుగుదల దానిదే. గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే ఇంకో మెత్తటి కోరల్ అయితే పచ్చిక లాగా రాయి మొత్తం పాకి వెనక అద్దం కూడా ఎక్కుతుంది. అందుకే దాన్ని మొదట్నుంచీ విడిగా ఒక రాయి మీద, చుట్టూ ఇసుక ఉండేలా పెట్టమని చెప్తాను.

అపోహ: కోస్తే చచ్చిపోతుంది, ప్రాణం ఉన్నదాన్ని కొయ్యడం పాపం.

ప్రాణం ఉన్న మాట నిజమే, కోరల్ జంతువే, మొక్క కాదు. మొన్న ఒకరింట్లో గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు నేను కత్తెర తియ్యగానే "వద్దు నాయనా, దాని ఉసురు తగుల్తుంది" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, పక్కన కూర్చోబెట్టి చూపించాను. టోడ్‌స్టూల్ టోపీ కింద కాడని పదునైన కత్తెరతో ఒక్క ఊపులో కోశాను, మెత్తగానే దిగింది కానీ లోపల ఇసుక తగిలినట్టు కరకరమంది, అవి దాని ఒంట్లో ఉండే సున్నపు ముళ్ళు. మొద్దు ముడుచుకుపోయింది. కొన్ని వారాలకి ఆవిడే వీడియో కాల్ చేసి చూపించారు, మొద్దు చివర చిన్న చిన్న పాలిప్స్, అంటే పువ్వుల్లా విచ్చుకునే కోరల్ నోళ్ళు, వచ్చేశాయి. టోపీని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా ఇంకో కోరల్ అవుతుంది. జిగురు పట్టదు, ఒంటి నిండా బంక ఉంటుంది కదా, అందుకని రాళ్ళ ముక్కలున్న గిన్నెలో వేసి పైన పల్చటి నెట్ గుడ్డ కట్టి రెండు మూడు వారాలు వదిలేస్తాను, అదే అతుక్కుంటుంది.

అన్నీ ఇంత తేలిక కాదు. టార్చ్, హ్యామర్ లాంటి గట్టి కోరల్స్ కొమ్మలుగా ఉండే రకమైతే కండ కిందున్న ఎముక లాంటి భాగం దగ్గర కట్ చెయ్యాలి, కండకి బ్లేడు తగలకూడదు. గోడలాగా ఒకటే ముక్కగా పెరిగే రకాన్ని నేను కొయ్యను, దాన్ని మొత్తంగా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యమంటాను.

అపోహ: కోసి పక్కన పెడితే పని అయిపోయినట్టే.

అసలు జాగ్రత్త అక్కడే మొదలవుతుంది. లెదర్ కోరల్ పక్కవాటిని తొక్కెయ్యడానికి నీళ్ళలోకి విషపదార్థాలు వదుల్తుంది, కోసినప్పుడు అవి ఇంకా ఎక్కువ. కొత్తలో నేను నీళ్ళలోని విషాన్ని పీల్చే కార్బన్ (బొగ్గు) వెయ్యకుండా కోశాను, సాయంత్రానికి పక్కనున్న ఆక్రోపోరా అనే గట్టి కోరల్ పాలిప్స్ అన్నీ లోపలికి లాక్కుని కూర్చుంది, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పట్నుంచి కోత వేరే బకెట్లో, ట్యాంకులో కొత్త కార్బన్, తర్వాత 20 శాతం నీళ్ళు మార్చడం, ఇందులో ఒక్కటీ వదలను.

టోడ్‌స్టూల్ అప్పుడప్పుడు మైనం పూసినట్టు పొర కట్టి వారం పది రోజులు మూసుకుపోతుంది, చచ్చిపోయిందని పారెయ్యకండి, పొర వదిల్చేసి మళ్ళీ విచ్చుకుంటుంది.

అపోహ: జోవాంథిడ్స్ (రాయి మీద గుంపులుగా పెరిగే, కోరల్స్‌కి దగ్గరి జీవులు) ఎక్కువైపోతే రాయిని మరిగే నీళ్ళలో వేస్తే పోతాయి.

దయచేసి ఈ పని చెయ్యొద్దు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, రాయి ఉడకబెట్టిన ఆవిరి పీల్చి ఇంట్లో అందరూ ఆసుపత్రి పాలైన ఘటనలు ఉన్నాయి. బ్రష్‌తో పొడిగా గీకినా ప్రమాదమే. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళలోనే పని చెయ్యండి, ఆ టైంలో పిల్లల్ని ఆ గదిలోకే రానివ్వొద్దు.

అపోహ: సముద్రం నుంచి వచ్చిందే కదా, గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్ళినప్పుడు సముద్రంలో వదిలేస్తే సరి.

ఇది వింటే నాకు కడుపు మండుతుంది. యునోమియా అనే మెత్తటి కోరల్ ఆక్వేరియం వాళ్ళ చేతుల మీదుగానే వెనిజులా తీరానికి చేరిందంటారు, అక్కడి అసలు కోరల్స్ మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుపోయింది, హవాయి పెర్ల్ హార్బర్‌లో కూడా కనిపించింది. 2000లో కాలిఫోర్నియాలో ఆక్వేరియం నాచు కాలెర్పా బయటపడితే దాన్ని పూర్తిగా పోగొట్టామని చెప్పడానికి 2006 దాకా పట్టింది.

ఇంకోటి, ఇండియా వెళ్ళేటప్పుడు బంధువులకి ముక్క తీసుకెళ్తామని అడుగుతారు. వద్దు. మన దగ్గర గట్టి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ, ఇక్కడ్నుంచి పంపాలన్నా సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) పర్మిట్ కావాలి.

మరి ఎవరికి ఇవ్వాలి? పెద్ద ఆక్వేరియంలు ఇళ్ళ నుంచి వచ్చినవి మామూలుగా తీసుకోవు, రోగాల భయం. దగ్గర్లోని రీఫ్ క్లబ్‌లో అడగండి, లేదా షాపువాళ్ళు స్టోర్ క్రెడిట్ మీద తీసుకుంటారు. ఇచ్చేముందు ముక్క పూర్తిగా అతుక్కుని పాలిప్స్ విచ్చుకోనివ్వండి, మీ ట్యాంక్ నీళ్ళతోనే సంచిలో వేసి, థర్మాకోల్ పెట్టెలో సర్ది, డాలస్ ఎండల్లో కారు డిక్కీలో మాత్రం పెట్టకండి, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళండి.