జన్యుమార్పిడి ఆహారం: అనుమానం ఎక్కడ మొదలైంది?

జన్యుమార్పిడి ఆహారమంటే, ప్రయోగశాలలో జన్యువులను మార్చిన పంటల నుంచి వచ్చే తిండి. దాన్ని చూసి జనం మొదటి నుంచీ హడలిపోయారనుకుంటే పొరపాటు. 1996లో బ్రిటన్‌లో రెండు పెద్ద సూపర్ మార్కెట్ సంస్థలు జన్యుమార్పిడి టమాటాల గుజ్జును డబ్బాల్లో అమ్మకానికి పెట్టాయి. ఆ సంగతి డబ్బా మీద స్పష్టంగా రాశారు. మామూలు గుజ్జు కంటే ధర తక్కువ. జనం తెలిసే కొన్నారు, సరుకు బాగానే అమ్ముడుపోయింది.

అదే ఏడాది చివర్లో అమెరికా నుంచి ఐరోపా రేవులకు జన్యుమార్పిడి సోయా దిగింది. దాన్ని మామూలు సోయాలో కలిపేసి పంపారు. బిస్కెట్ల దగ్గర్నుంచి సాస్‌ల దాకా లెక్కలేనన్ని తిండి సరుకుల్లో సోయా పడుతుంది. ఏం తింటున్నామో తెలుసుకునే దారే లేకుండా పోయింది. పిచ్చి ఆవు వ్యాధి మనుషులకూ సోకి ఉండవచ్చని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకున్నదీ ఆ ఏడాదే. తిండి విషయంలో సర్కారు మాట మీద నమ్మకం సడలిన సమయం అది. నా దృష్టిలో అనుమానానికి బీజం పడింది ఇక్కడే.

ఆరోగ్యం సంగతికొస్తే, అన్నిటికంటే గట్టి ప్రశ్న ఎలర్జీది. సోయాలో మిథియోనైన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లు తయారయ్యే పదార్థాల్లో ఒకటి) తక్కువ. ఆ లోటు పూడ్చి పశువుల దాణాను మెరుగుపరచాలని పయనీర్ హైబ్రెడ్ కంపెనీ సోయాలోకి బ్రెజిల్ నట్ జన్యువును చేర్చింది. జీడిపప్పులా తినే ఈ బ్రెజిల్ నట్ కొందరికి అసలు పడదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటివారి రక్తం తీసుకుని, అందులోని ప్రతిరక్షకాలు (ఎలర్జీ తెచ్చే పదార్థాన్ని గుర్తుపట్టేవి) కొత్త సోయా ప్రోటీన్‌ను పట్టుకుంటాయేమో చూశారు. పట్టుకున్నాయి. ముగ్గురికి చర్మం మీద సూదితో పొడిచి చేసిన పరీక్షలోనూ అదే తేలింది. జన్యువుతో పాటు ఎలర్జీ గుణమూ సోయాలోకి వచ్చేసింది! కంపెనీ ఆ ప్రయత్నం మానుకుంది, ఆ సోయా మార్కెట్ ముఖం చూడలేదు. ప్రమాదం ఉందనడానికి ఒకరు, పరీక్షలు పనిచేస్తాయనడానికి ఇంకొకరు ఇప్పటికీ దీన్నే చూపిస్తారు. రెండూ నిజమే. కాకపోతే ఇక్కడ దేనికోసం వెతకాలో ముందే తెలుసు, అది పడనివాళ్లూ దొరికారు. మనిషి ఎన్నడూ తినని జీవి నుంచి జన్యువు తెస్తే ఎవరి రక్తంతో పరీక్షిస్తారు?

స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మొక్కజొన్న ఆ చిక్కునే ముందుకు తెచ్చింది. పురుగును చంపడానికి అందులో పెట్టిన క్రై9సి ప్రోటీన్ వేడిని తట్టుకుంటుంది, జీర్ణరసంలో త్వరగా కరగదు. ఎలర్జీ తెచ్చే చాలా ప్రోటీన్ల తీరు ఇదే. అందుకే 1998లో అమెరికా దాన్ని పశువుల దాణాకు, పరిశ్రమల వాడకానికి మాత్రమే అనుమతించింది. 2000 సెప్టెంబరులో అది మనుషులు తినే టాకో షెల్స్‌లో (మొక్కజొన్న పిండితో చేసే కరకరలాడే రొట్టెల్లో) బయటపడింది. సరుకు వెనక్కి రప్పించారు. ఎలర్జీ వచ్చిందన్నవారి రక్తం పరీక్షిస్తే, కారణం ఆ ప్రోటీనేనన్న ఆధారం దొరకలేదు. కానీ పొలం నుంచి గిడ్డంగి దాకా దాణా గింజను తిండి గింజతో కలవకుండా చూడలేకపోయారన్నది మాత్రం రుజువైపోయింది.

ఎలుకల ప్రయోగాలు గొడవను పెంచాయే తప్ప తేల్చలేదు. 1998లో స్కాట్లాండ్‌లో అర్పాద్ పుస్తాయ్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు జన్యుమార్పిడి బంగాళాదుంపలు పెట్టి చూసి, వాటి గురించి టీవీలో హెచ్చరించారు. ఆ ప్రయోగంలో లోపాలున్నాయని మరుసటి ఏడాది బ్రిటన్ శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ చెప్పింది. 2012లో ఫ్రాన్స్‌లో సెరాలినీ అనే శాస్త్రవేత్త బృందం, జన్యుమార్పిడి మొక్కజొన్న తిన్న ఎలుకలవంటూ చూపిన కణితుల ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఏడాదికే, దాన్ని అచ్చువేసిన పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ఆ జాతి ఎలుకలకు వయసు మీదపడితే కణితులు మామూలే.

2016లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల కమిటీ వందలాది అధ్యయనాలను జల్లెడపట్టింది. అమ్మకంలో ఉన్న జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ హాని చేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది. కొత్తగా వచ్చే ప్రతి రకాన్నీ దానిలో చేరిన గుణాన్ని బట్టి చూడాలనీ చెప్పింది. రెండో మాటను వదిలేసి మొదటిదాన్నే ఊదరగొట్టడం వినియోగదారులకు చేసే అన్యాయం.

లేబుల్ విషయంలో ఐరోపా సమాఖ్య ముందే మేలుకుంది. 2003 నాటి నిబంధనలతో, సరుకులో కలిసే జన్యుమార్పిడి పదార్థానికి 0.9 శాతం పరిమితి పెట్టి, అంతకు మించితే లేబుల్ తప్పదంది. అమెరికాలో అది తప్పనిసరి అయ్యేసరికి 2022 వచ్చింది. అప్పుడు కూడా, మార్చిన జన్యువు జాడ దొరకనంతగా శుద్ధి చేసిన నూనె, చక్కెర వంటివాటికి మినహాయింపు ఇచ్చారు.