లేఅవుట్‌లో పది శాతం: విశాఖలో పిల్లల పార్కులు ఎక్కడినుంచి వచ్చాయి

మా వీధి చివర పార్కులో ఉయ్యాల స్టాండు ఒకటుంది. రెండు ఉయ్యాలలకి పైన నాలుగు కొక్కేలు. ఒకటి ఊగుతుంది. రెండోదాని పీట ఊడిపోయింది, గొలుసులు రెండూ ఎవరో పైపుకి చుట్టేసి తీగతో కట్టారు, పిల్లల తలకి తగలకూడదని కాబోలు. పిల్లలు ఊరుకుంటారా, ఆ చుట్టిన గొలుసునే పట్టుకుని వేలాడుతున్నారు. మొన్న సాయంత్రం ఉన్న ఒక్క ఉయ్యాల కోసం లైను కట్టారు, మా పాపది ఏడో నంబరు. పక్క బెంచీ మీద పెద్దాయన ఒకరు నన్నడిగారు, "ఇది కార్పొరేషనోళ్లదా, వుడావోళ్లదా బాబూ?" అని. (వుడా అంటే ఊరి పట్టణాభివృద్ధి సంస్థ.) ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే తేలిందేమిటంటే, విశాఖలో పిల్లలకి ఆటస్థలం కావాలని ఎవరో కూర్చుని ఆలోచించి కట్టిన పార్కులు చాలా తక్కువ. మనం కాలనీ పార్కులు అనుకునేవాటిలో ఎక్కువ భాగం ప్లాట్లు కోసి అమ్మేటప్పుడు రూలు ప్రకారం వదలాల్సి వచ్చిన జాగాలు. మిగతా కథంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నంలో ఉన్నది 40,892 మంది. అంత ఊరికి విడిగా పార్కు అవసరం ఏముంది? వన్‌టౌన్ పిల్లలకి సముద్రం ఉంది, గుడి ముంగిట ఖాళీ ఉంది, ఊరు దాటితే తోటలూ చెరువు గట్లూ. ఊరి మంచినీళ్ల కోసం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన ముడసర్లోవ రిజర్వాయరు పక్కన తర్వాత పార్కు వచ్చింది. అక్కడికి జనం వెళ్లింది ఎక్కువగా కార్తీక మాసంలో వనభోజనాలకి. ఉసిరిచెట్టు కింద పులిహోర తిని, పిల్లలు సాయంత్రం దాకా పరిగెత్తి, ఆర్టీసీ బస్సెక్కి ఇంటికి. ఏడాదికోసారి ముచ్చట అది. రోజూ సాయంత్రం ఐదింటికి వెళ్లే పార్కు కాదు.

1933లో పోర్టు తెరిచారు, తర్వాత షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, 1971లో స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన. ఉద్యోగాలొచ్చాయి, జనం వచ్చారు, ఇళ్లు కావాల్సొచ్చింది. 1962లో టౌన్ ప్లానింగ్ ట్రస్టు పెట్టారు. 1978లో అది పట్టణాభివృద్ధి సంస్థ అయింది, అదే మన నోట వుడా. ఆ మరుసటి ఏడాది, 1979లో, మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. పెద్దాయన ప్రశ్న పుట్టింది సరిగ్గా ఇక్కడే. లేఅవుట్ వేసేది ఒకరు, తర్వాత దాన్ని చూసుకోవాల్సింది ఇంకొకరు.

ఎంవీపీ కాలనీని చూడండి. మువ్వలవానిపాలెం పొలాలూ మెట్టలూ ఉన్న చోట వుడా సెక్టార్లుగా గీసి ప్లాట్లు అమ్మింది. కాగితం మీద గీసిన కాలనీ కాబట్టి రోడ్లు నిటారుగా ఉంటాయి, మధ్యమధ్యలో ఖాళీలు ఉంటాయి. నా చిన్నప్పుడు వాటిని పార్కు అని ఎవరూ అనలేదు, గ్రౌండు అనేవాళ్లం. ఎర్రమట్టి, తుమ్మముళ్లు, ఇటుకలు పేర్చిన వికెట్లు. ఉయ్యాల లేదు, జారుడుబల్ల లేదు, అయినా ఖాళీగా ఉన్న రోజంటూ లేదు. ఇప్పుడు అవే ఖాళీలకి ప్రహరీ వచ్చింది, చుట్టూ టైల్స్ పరిచిన వాకింగ్ ట్రాక్ వచ్చింది, మధ్యలో పచ్చగడ్డి, గడ్డి మీద "నడవరాదు" అన్న బోర్డు. పిల్లల వాటా ఒక మూలకి జరిగింది. వాకింగ్ చేసేవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు, నేనూ చేస్తాను, కానీ బంతి తగిలితే ఎవరు అరుస్తారో అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ పది శాతం సంగతి. కొత్తగా లేఅవుట్ వేసేవాళ్లు మొత్తం స్థలంలో పది శాతం ఓపెన్ స్పేస్‌గా వదిలి, గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసి స్థానిక సంస్థకి అప్పగించాలి. రోడ్లకి పోయేది దీనికి అదనం. రూలు మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, ఆ పది శాతం ఎక్కడుండాలో గీసేది లాభం లెక్క చూసుకునే మనిషి. అందుకే చాలా చోట్ల పార్కు స్థలం మూలకి పోయిన త్రికోణమో, గెడ్డ పక్కన పల్లమో, హైటెన్షన్ తీగల కింద సందో అయి కూర్చుంటుంది. మంచి చదరపు ముక్క కార్నర్ ప్లాటు రేటుకి పోతుంది.

అసలు లేఅవుటే లేని చోటయితే ఆ త్రికోణం కూడా ఉండదు. జాలరిపేటలకీ, పాత ఊరి సందులకీ, కొండవాలు మీద మెట్లు మెట్లుగా పేర్చినట్టున్న ఇళ్లకీ ప్లాను ఎవరు గీశారు? అక్కడ పిల్లల ఆటస్థలం అంటే మెట్ల మలుపు, వాటర్ ట్యాంకు కింద నీడ, ఆపి ఉంచిన ఆటోల మధ్య సందు. పార్కు లేఅవుట్‌తో పాటే వచ్చే వస్తువు కనక, ప్లాటు కొనగలిగినవాడి పిల్లలకి ఉయ్యాల కూడా వచ్చింది. ఈ తేడా ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు, సరిచేయాలని కూర్చున్నవాళ్లూ పెద్దగా కనపడరు.

2005లో గాజువాక మునిసిపాలిటీనీ, చుట్టుపక్కల 32 గ్రామాలనీ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేశారు. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా చేరాయి. కలిసిన ఊళ్లలో పంచాయతీ అనుమతితోనో, అదీ లేకుండానో వేసిన వెంచర్లు బోలెడు. వాటిలో పార్కు స్థలం వెతికితే దొరకదు, ఎందుకంటే అక్కడా ప్లాటే వేసి అమ్మేశారు. ఇలాంటివాటిని క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వం ఎల్ఆర్ఎస్ అనే పథకం పెట్టింది, మొదట 2007 చివర్లో, మళ్లీ 2020లో. అందులో ఒక నిబంధన పెట్టారు: పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్ అయితే, ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీగా కట్టాలని. కట్టేది లేఅవుట్ వేసి వెళ్లిపోయినవాడు కాదు, అప్పుచేసి ప్లాటు కొనుక్కున్నవాడు. ఆ డబ్బు ఖజానాకి చేరుతుంది సరే, ఆ వీధిలో స్థలం మాత్రం ఎలా పుడుతుంది? నాలుగువైపులా ఇళ్లు లేచిపోయాక డబ్బు పెట్టి కొందామన్నా పార్కంత జాగా ఎవరిస్తారు? రోడ్డు ఇరుకైతే వెడల్పు చేస్తారు, కాలవ పూడిపోతే తవ్వుతారు. పోయిన ఆటస్థలం మాత్రం మళ్లీ రాదు.

లెక్క ఎంత దూరం ఉందో ఒకసారి చూద్దాం. కేంద్రం ఇచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని ఉంది. 2011 లెక్కల ప్రకారం నగర జనాభా 17.28 లక్షలు. మనిషికి పది చదరపు మీటర్లే వేసుకున్నా దాదాపు 4,270 ఎకరాలు. అర్థమయ్యేట్టు చెప్పాలంటే, మన జూపార్కు 625 ఎకరాలు, అలాంటివి ఇంచుమించు ఏడు కావాలి. ఇది పద్నాలుగేళ్లు దాటిన జనాభా మీద లెక్క.

"మనకేంటండీ, బీచ్ ఉంది కదా" అంటారు ఎవరో ఒకరు ప్రతిసారీ. ఉంది. ఆర్కే బీచ్‌లో ఏడేళ్ల పిల్లని ఒక్క క్షణం చెయ్యి వదలగలరా? అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి, ప్రతి ఏడాదీ ఈదడం వచ్చిన పెద్దవాళ్లే కొట్టుకుపోతుంటారు. బీచ్ ఆదివారం ముచ్చట. మంగళవారం సాయంత్రం హోంవర్కుకీ అన్నానికీ మధ్య ఉండే నలభై నిమిషాలకి కావాల్సింది ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న పార్కు. కొండలూ అంతే, చూడ్డానికి పచ్చగా ఉంటాయి, ఆడుకోవడానికి కాదు.

పెద్ద పార్కుల కథ వేరే. బీచ్ రోడ్డులో బోర్డు మీద తారకరామ పార్కు, మన నోట్లో వుడా పార్కు. కైలాసగిరి. జోడుగుళ్లపాలెం దగ్గర తెన్నేటి పార్కు (2020 అక్టోబరులో బంగ్లాదేశ్ నౌక ఎంవీ మా వచ్చి ఆ కింద రాళ్లలో ఇరుక్కున్నాక కొన్నాళ్లు పార్కు కంటే ఓడ కోసం వచ్చినవాళ్లే ఎక్కువ). ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు. ఇవి వుడావి, అంటే 2018 నుంచి దాని స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏవి. వుడా పార్కుకీ కైలాసగిరికీ టికెట్ ఉంది, ఆదాయం ఉంది, కాబట్టి ఎలాగోలా రంగు పడుతుంది. వీధి చివరి పార్కుకి టికెట్ పెట్టలేం, పెట్టకూడదు కూడా. అది కార్పొరేషన్ ఖర్చు ఖాతాలో ఒక లైను. రాజ్యాంగం 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పురపాలక సంఘాల పని అని పన్నెండో అంశంగా స్పష్టంగా రాసింది, 1993 నుంచి అమల్లో ఉంది. పని ఎవరిదో రాసినంత స్పష్టంగా డబ్బు ఎక్కడినుంచి రావాలో రాయలేదు.

డబ్బు అప్పుడప్పుడూ పథకాల రూపంలో వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడి చెట్లని కూకటివేళ్లతో పీకేసింది. పార్కుల్లో ఉయ్యాలలు మిగిలిన చోట కూడా నీడ మిగల్లేదు. నీడ లేని జారుడుబల్ల మార్చి నుంచి జూన్ దాకా పెనంతో సమానం. 2015లో పట్టణాల కోసం కేంద్రం అమృత్ పథకం వచ్చింది, అందులో 2.5 శాతం దాకా పార్కులకి, పిల్లలకి అనువైన ఏర్పాట్లతో సహా. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి ఇరవై నగరాల జాబితాలో విశాఖ పేరు ఉంది. ఆ డబ్బుతో బీచ్ రోడ్డులో ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు, వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఆడుకునేలా. ఆలోచించి కట్టిన పార్కు అంటే ఏమిటో చూడాలనుకుంటే అది చూడాలి. ఒక్కటే ఉంది, అదీ బీచ్ దగ్గర. పెందుర్తిలోనో గాజువాకలోనో వీల్‌చైర్ పిల్లవాడికి అది ఇంకో ఊరే.

ఇదే కాలంలో నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో అయిపోయింది, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో, 98 వార్డులకి. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఉయ్యాల పీట ఊడిందని చెప్పడానికి వార్డులో కార్పొరేటర్ అనే మనిషి లేని తొమ్మిదేళ్లు. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇంటర్ దగ్గరికి వచ్చేశారు.

పీట ఎందుకు ఊడుతుందో కూడా చెప్పాలి. ఇక్కడిది ఉప్పుగాలి. ఇనుప పైపు పైకి రంగుతో బాగానే కనిపిస్తుంది, లోపలినుంచి తుప్పు తింటూ వస్తుంది. ముందు పోయేది బోల్టు, తర్వాత గొలుసు కొక్కెం తగిలే చోట లింకు సన్నబడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఫైబర్ జారుడుబల్లలకి తుప్పు పట్టదు, ఎండకి వెలిసి అంచులు చిట్లుతాయి, నిక్కర్లు చిరిగేది అక్కడే. నెలకోసారి ఒక మనిషి రెంచీ, గ్రీజు డబ్బా పట్టుకుని తిరిగితే సగం బాగవుతాయి. కొత్త సామాను కొనడం ఒక వర్కు, దానికి టెండరు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. గ్రీజుకి ఎవరు రిబ్బన్ కడతారు?

ఇంకోటి, ఖాళీ స్థలం ఖాళీగా కనపడితే చాలు, అందరికీ ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. కమ్యూనిటీ హాలు, వాటర్ ట్యాంకు, చిన్న గుడి, ఓపెన్ జిమ్. ఏదీ చెడ్డది కాదు, అదే తంటా, కాదనే నోరు ఎవరికుంటుంది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు, పార్కు కోసం వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోంకి ఇవ్వడం చెల్లదని చెప్పింది. ఆసుపత్రి అయినా సరే, పార్కు స్థలంలో కాదు అని. ఆ కేసు వేసింది ఆ కాలనీ జనమే.

మన వీధి పార్కు ఎవరిదో తెలుసుకోవాలంటే మొదట లేఅవుట్ ప్లాను నంబరు కావాలి. అది ఇంటి దస్తావేజులోనే ఉంటుంది. ఆ నంబరుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు, ఓపెన్ స్పేస్ ఎంత చూపించారో, గిఫ్ట్ డీడ్ అయిందో లేదో ఇవ్వాలి. నిన్న పార్కుని ఆనుకుని ఉన్న ఇంటి పిన్నిగారిని అడిగితే బీరువాలోంచి పాత దస్తావేజు తీసి ఇచ్చారు. ఎల్‌పీ నంబరు దొరికింది, రాసుకున్నాను. హద్దుల దగ్గర "తూర్పు: పిల్లల పార్కు కొరకు వదిలిన స్థలం" అని ఉంది. పక్కనే కొలత కూడా వేసి ఉంది. ఆదివారం టేపు పట్టుకుని వెళ్తున్నాను, పెద్దాయన కూడా వస్తానన్నారు.