గ్లకోమా కొత్త చుక్కల ట్రయల్: మా దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరంలో గ్లకోమా, అంటే నీటికాసుల, పేషెంట్లకు కంటి ప్రెషర్ కొలవడం నా పని. కొత్త చుక్కల ట్రయల్, అంటే కొత్త కంటి చుక్కలు ఎలా పనిచేస్తాయో పేషెంట్లలో చూసే పరీక్ష, అనగానే వినిపించే మాటలివి.

అపోహ: “మందని చెప్పి ఉత్తి నీళ్లు వేస్తారు.”

ఎక్కువమంది వెనకాడేది ఇందుకే. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు కాబట్టి ఆ భయం సహజం. కానీ ఆఖరి దశ పెద్ద ట్రయల్స్‌లో కొత్త మందును మామూలుగా పోల్చేది ఎప్పటినుంచో వాడుతున్న టిమోలాల్‌తోనో, 1996లో అమెరికాలో అనుమతి పొందిన లటానోప్రోస్ట్‌తోనో. ఎవరికి ఏ సీసా అందిందో పేషెంటుకీ తెలియదు, కొలిచే మాకూ తెలియదు. కంటి ప్రెషర్ కొలిచే పరికరం టోనోమీటర్‌లో నీలి వెలుగు కింద రెండు ఆకుపచ్చ అర్ధచంద్రాలు కనిపిస్తాయి. వాటి లోపలి అంచులు ఆనేదాకా డయల్ తిప్పాలి. అంచు కాస్త అటూ ఇటూ అయితే ప్రెషర్ 18 కాస్తా 20 అయిపోతుంది. అందుకే చాలాచోట్ల డయల్ తిప్పేది ఒకరు, అంకె చదివి రాసేది ఇంకొకరు.

అపోహ: “పాత మందు ఆపిస్తారు, కళ్లు పోతాయి.”

ఆపించే మాట నిజమే. పాత మందు ప్రభావం పోతేగానీ కొత్తదాని పనితనం తేలదు. మందును బట్టి కొన్ని రోజుల నుంచి 4 వారాల దాకా పడుతుంది. కంటి నరం బాగా దెబ్బతిన్నవాళ్లను అసలు చేర్చుకోరు. మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు.

అపోహ: “ఒకసారి చూస్తే చాలదా?”

చాలదు. కంటి ప్రెషర్ రోజంతా ఒకేలా ఉండదు. అందుకే ఉదయం 8, 10, సాయంత్రం 4 గంటలకు కొలిచే ట్రయల్స్ చాలా ఉన్నాయి. రాజాం నుంచి 8 గంటలకల్లా రావాలంటే చీకటితోనే బయల్దేరాలి. రాత్రి బస, బస్సు ఖర్చు ట్రయల్ పెట్టేవాళ్లే భరించాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: “ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇక వాళ్లు చెప్పినట్టే.”

ఎప్పుడైనా మానుకోవచ్చు, మీ మామూలు వైద్యం ఆగదు. చదవడం రానివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.

అపోహ: “కంట్లో చుక్కేగా, ఒంటికేం కాదు.”

చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు టిమోలాల్ ప్రమాదకరం. ఇన్‌హేలర్ వాడుతుంటే అడగకముందే సంచిలోంచి తీసి చూపించండి.