సీజన్ వంటల పుస్తకం కొనేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అక్కా, ఏ కాలంలో దొరికేవి ఆ కాలంలో వండుకోవాలని ఉంది. ఏ పుస్తకం కొనమంటావు?" నెల్లూరులో వంట క్లాసులు చెప్పే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగి కొనేవాళ్ళతో ఇబ్బంది లేదు. చాలామంది ముందే కొనేస్తారు. అందులో రాసినట్టు మార్కెట్‌కి వెళ్ళి, డబ్బులు పోసి, తెచ్చిందంతా పాడయ్యాక నా దగ్గరికొచ్చి "నాకు వంట రాదేమో అక్కా" అని దిగులుపడతారు. మీకు వంట వస్తుంది. ఆ పుస్తకం మన ఊరి కోసం రాసింది కాదు, అంతే. ప్రతి బ్యాచ్‌కీ చెప్పే మాటలే కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పుస్తకంలో నెలలవారీ పట్టిక ఉంటే చాలు, అది చూసి కూరగాయలు కొనుక్కోవచ్చు

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను.

పట్టిక వేసిన మనిషి ఎక్కడుంటే ఆ ఊరి కాలాలే పట్టికలో ఉంటాయి. ఢిల్లీలో, ముంబయిలో, హైదరాబాద్‌లో తయారైన పుస్తకాల్లో వర్షాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. అక్టోబర్ నుంచి ఆకాశం తెరిపిస్తుంది. అది నైరుతి రుతుపవనాల లెక్క, వాళ్ళకు సరిపోతుంది. మనకు సరిపోదు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో ఈశాన్య రుతుపవనాలకే పడుతుంది. ప్రకాశంలో రెండు రుతుపవనాలూ కాస్త అటూ ఇటూగా సమానం. జూన్‌లో హైదరాబాద్‌లో తొలకరి పడి జనం వేడివేడి పకోడీలు వేసుకుంటుంటే, ఇక్కడ మనం వడగాడ్పులకు తలుపులు వేసుకుని మజ్జిగ తాగుతుంటాం. అలాంటప్పుడు "వానాకాలం వంటలు" అనే అధ్యాయం జూన్‌లో తెరిచి ఏం చేస్తారు?

కావలి నుంచి ఒకమ్మాయి వచ్చేది, కొత్తగా కాపురం పెట్టింది. ఖరీదైన అట్ట, రంగు బొమ్మల పుస్తకం ఒకటి కొనుక్కుంది. అందులో అక్టోబర్ పేజీలో "వానలు వెనకబట్టాయి, ఎండ హాయిగా ఉంటుంది, ఒరుగులు పెట్టుకోవడానికి అనువైన సమయం" అని ఉంది. పాపం నమ్మింది. వంకాయలు, గోరుచిక్కుళ్ళు తెచ్చి, ఉప్పు నీళ్ళలో ఉడకేసి, మేడ మీద పాత చీర పరిచి ఆరబోసింది. రెండు రోజులు ఎండ బాగానే కాసింది. మూడో రోజు వాయుగుండం. ముక్కలన్నీ లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పరిస్తే, పైన ఆరినట్టే ఉండి లోపల జిగురొచ్చింది, ఆ తర్వాత నల్ల బూజు. మొత్తం పారబోసింది. వాళ్ళత్తగారు "పుస్తకం చూసి వండితే ఇట్టనే ఉంటాది" అన్నారట. ఆ మాటకు ఆ పిల్ల ఎంత కుంగిపోయిందో నాకు తెలుసు. తప్పు పిల్లది కాదు. మన దగ్గర ఒరుగులైనా, వడియాలైనా ఫిబ్రవరి చివర మొదలుపెట్టి మే లోపు ముగించాలి. అక్టోబర్ ఎండను నమ్మకూడదు. ఆ మాట పుస్తకం రాసినవాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు.

ఇంగ్లీషు పుస్తకాలైతే ఇంకా దూరం. అమెరికా, ఇంగ్లండ్ పుస్తకాల్లో టమాటాకు మంచి రోజులంటే జూలై, ఆగస్టు, సెప్టెంబర్. నిలవ సాసులు, చట్నీలు అన్నీ అప్పుడే పెట్టమంటారు. మనకు సరిగ్గా ఆ నెలల్లోనే టమాటా మండిపోతుంటుంది. 2023 జూలైలో దేశమంతా కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండొందలు కూడా పలికింది, గుర్తుందిగా. ఇక్కడ టమాటా నిలవ పచ్చడి పెట్టుకోవాల్సింది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో. ధర దిగుతుంది, కాయ ఎర్రగా గట్టిగా ఉంటుంది, ముక్కలు ఎండటానికి ఎండా ఉంటుంది. మూడూ ఒకేసారి కలిసొచ్చే రోజులు అవే.

నిమ్మకాయ సంగతీ అంతే. పక్కనే గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు పెట్టుకుని కూడా ఏప్రిల్‌లో నిమ్మకాయ పచ్చడి పెడతామని వస్తారు, "పుస్తకంలో వేసవి పచ్చళ్ళలో ఉంది" అని. వేసవిలో షర్బత్‌లకు గిరాకీ పెరిగి నిమ్మ ధర ఆకాశంలో ఉంటుంది. వానలు పడి కాయ విరివిగా దిగి, ధర నేలకొచ్చినప్పుడు పెట్టుకోండి. నిమ్మకాయ ముక్కలకు ఆవకాయంత ఎండ అవసరం లేదు, ఉప్పులో ఊరితే చాలు.

మరి పట్టిక ఉన్న పుస్తకం కొనొద్దా? కొనండి. కాకపోతే చివర ఖాళీ పేజీలు ఉన్నది కొనండి. నెలకోసారి ఫత్తేఖాన్‌పేట రైతు బజార్‌కో, మీ ఊరి సంతకో వెళ్ళండి. ధరల బోర్డు చూడండి. ఏది కుప్పలుగా పోసి ఉంది, ఏది లేతగా ఉంది, ఏది ధర దిగింది, ఆ మూడూ ఉన్నవి మాత్రం ఆ నెల పేరు కింద రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి పట్టిక మీ చేతిలో ఉంటుంది. నా పుస్తకం వెనక రాసుకున్నది స్థూలంగా ఇది. సంక్రాంతి ముందు వెనక చిక్కుడుకాయలు, ముల్లంగి, కాలీఫ్లవర్, రేగుపళ్ళు, ఉసిరి. శివరాత్రి దాటాక మునక్కాయలు, కొత్త చింతపండు, మామిడి పిందెలు, ఆ వెనకే చింతచిగురు. ఏప్రిల్, మే అంటే మామిడి, దోసకాయలు, తాటి ముంజలు. జూన్‌లో నేరేడు, వాక్కాయలు. తర్వాత బీర, కాకర, పొట్ల, సొర. వినాయక చవితి నుంచి దసరా, దీపావళి దాకా సీతాఫలం. వానలు ముదిరాక ఆకుకూర బురదా కుళ్ళూ, ధరా ఎక్కువే. అప్పుడు కంద, చామగడ్డ, గుమ్మడి లాంటి నిలవుండేవాటి మీద పడాలి. ఉదయగిరి వైపు వాళ్ళకీ, కందుకూరు వైపు వాళ్ళకీ ఇందులో రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. అందుకే నాది ఎత్తి రాసుకోకుండా మీది మీరు రాసుకోండి.

అపోహ: ఎన్ని ఎక్కువ వంటలుంటే అంత మంచి పుస్తకం

వెయ్యి వంటల పుస్తకంలో ఒక్కో వంటకు నాలుగు లైన్లుంటాయి. నాలుగు లైన్లలో కాయ ముదిరిందో లేతదో చెప్పడానికి చోటెక్కడిది? కూరగాయ పేరు పట్టుకుని వెతుక్కునే సూచిక వెనక ఉందా లేదా చూడండి. బజార్లో పొట్లకాయ చవగ్గా కనపడి తెచ్చుకున్నప్పుడు, "పొట్లకాయ" కింద ఏయే పేజీలున్నాయో దొరకాలి. కూరలు, పులుసులు, స్వీట్లు అని మాత్రమే విడదీసిన పుస్తకం పండగ భోజనానికి బాగుంటుంది, రోజూ సంతను బట్టి వండేవాళ్ళకు పనికిరాదు.

షాపులో నిలబడి చేసే పరీక్ష: దోసకాయ పేజీ

నేను ఏ వంటల పుస్తకమైనా ముందు దోసకాయ పప్పు పేజీ తీస్తాను. మన ఇళ్ళలో దోసకాయ కోసిన ఎవరైనా మొదట చేసే పని ఒక ముక్క నోట్లో వేసుకుని చేదు చూడటం. గింజల దగ్గర కూడా చూస్తారు. ఎందుకంటే ఒక్క చేదు కాయ పడితే గిన్నెడు పప్పూ పారబోయాల్సిందే. "ముక్క రుచి చూసి వేయండి" అని రాయని పుస్తకం రాసినవాళ్ళు ఆ పప్పు వండలేదని నా నిశ్చయం. సొరకాయ దగ్గర ఆ మాట ఇంకా ముఖ్యం. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఎక్కువగా ఉంటాయి. చేదుగా ఉన్న సొరకాయ జ్యూస్ తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు కూడా. ఉడికించినా ఆ చేదు పోదు. సొరకాయ జ్యూసులు రాసి, ఈ హెచ్చరిక రాయని "ఆరోగ్య వంటల" పుస్తకాన్ని ఎవరు బహుమతిగా ఇచ్చినా పక్కన పెట్టేయండి.

ఇంకొకటి, నెల్లూరు చేపల పులుసు పేజీ. మామిడికాయ వేయమని రాసి, చింతపండు కొలత ఏడాదంతా ఒకటేనని వదిలేస్తే అది సీజన్ తెలిసిన పుస్తకం కాదు. మార్చిలో పిందె కాయ పులుపు వేరు, మే చివర దోరకాయ పులుపు వేరు. పిందె వేసినప్పుడు చింతపండు తగ్గించాలి, దోరకాయైతే కొంచెం పెంచాలి, కాయ లేని రోజుల్లో చింతపండు మీదే నడపాలి. ఇంత రాస్తే ఆ పుస్తకం కళ్ళు మూసుకుని కొనొచ్చు.

అపోహ: ఎక్కడైనా ఒక కప్పు అంటే ఒక కప్పే

కాదు. అమెరికా కప్పు దాదాపు 240 మి.లీ., ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ కప్పు 200. టేబుల్ స్పూన్ మామూలుగా 15 మి.లీ., ఆస్ట్రేలియాలో 20. మన పాత పుస్తకాల్లో గిద్దెలు, సోలలు, తవ్వలు. అవీ ఊరికొక తీరు. కూరలకైతే ఏ కప్పైనా సర్దుకోవచ్చు. పచ్చళ్ళకు మాత్రం సర్దుకోలేం. ఒకే గిన్నె నిండా కొలిస్తే మెత్తటి ఉప్పు బరువెక్కువ తూగుతుంది, రాళ్ళుప్పు తక్కువ తూగుతుంది. "కప్పు ఉప్పు" అని రాసి ఏ ఉప్పో చెప్పకపోతే పచ్చడి ఉప్పు కషాయమైనా అవుతుంది, వానల్లో బూజైనా పడుతుంది. "మామిడికాయలు ఆరు" అని రాసినా అంతే, నాటు కాయకీ బంగినపల్లికీ బరువులో పోలికే లేదు. గ్రాముల్లో రాసిన పచ్చళ్ళ పుస్తకం దొరికితే వదలకండి.

బీపీ భయంతో పచ్చడిలో ఉప్పు సగం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది. రోజుకు 5 గ్రాములకు మించొద్దని డాక్టర్లు చెప్పేది నిజమే. దానికి దారి పచ్చడి తక్కువ తినడం. జాడీలో ఉప్పు తగ్గిస్తే పచ్చడికి కాపలా పోతుంది. తక్కువ ఉప్పుతోనే కావాలంటే రెండు రోజులకు సరిపడా పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచండి.

అపోహ: విదేశీ పుస్తకంలో ఉంది కాబట్టి బీన్స్, మొక్కజొన్న సీసాల్లో పెట్టి దాచుకోవచ్చు

ఇది డబ్బుతో పోయేది కాదు, ప్రాణం మీదికొచ్చేది. పులుపు ఉన్నవి, అంటే పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉన్నవి, మరిగే నీళ్ళలో ఉంచిన సీసాల్లో నిలవుంటాయి. బీన్స్, మొక్కజొన్న, క్యారెట్, బఠాణీ అలాంటివి కావు. గాలి తగలని సీసాలో బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది, రంగు, వాసన ఏమీ మారకపోవచ్చు. వాటికి దాదాపు 121 డిగ్రీల దాకా వేడెక్కించే ప్రత్యేకమైన ప్రెషర్ క్యానర్ కావాలి. మన పప్పు కుక్కర్ దానికి బదులు కాదు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి గట్టు మీద పెట్టుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వాటిని ఫ్రీజర్‌లో దాచుకోండి, టెన్షన్ ఉండదు.

వాట్సాప్ మాటలు

"సీజన్ కాని కూరగాయ విషం" అని ఒకటి తిరుగుతుంది. చంటిపిల్లల తల్లులు దాన్ని చూసి వణికిపోయి ఫోన్ చేస్తారు. అమ్మా, వంకాయ, బెండకాయ మనకు ఏడాది పొడుగునా పండుతాయి. జనవరిలో బెండకాయ తింటే ఏమీ కాదు, కొంచెం ధర ఎక్కువ, అంతే. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఒక్కసారి మార్కెట్‌లో నిలబడి రైతును అడిగితే ఊళ్ళో సగం భయం పోతుంది. మామిడి విషయంలో జాగ్రత్త మాత్రం అవసరమే. కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, ఇథిలీన్ వాయువును పరిమితి లోపల వాడటానికి అనుమతి ఉంది. కాబట్టి మగ్గబెట్టిన కాయలన్నీ కార్బైడ్ కాయలు కావు. అనుమానంగా ఉంటే కాయలు తెచ్చి ఇంట్లోనే వరిగడ్డిలో మగ్గబెట్టుకోండి.

"పాత పుస్తకాలు పనికిరావు" అనేది ఇంకో మాట. కొలతలు పాతబడతాయి, గుర్తులు పాతబడవు. నూనె పైకి తేలేదాకా, పచ్చివాసన పోయేదాకా అని రాసిన పాత పుస్తకం, "ఏడు నిమిషాలు" అని మాత్రం రాసిన కొత్తదానికంటే ఎన్నో రెట్లు మేలు. మీ స్టవ్ మంట, నా స్టవ్ మంట ఒకటి కాదు కదా.

ఎమ్మెస్‌కు వెళ్ళే పిల్లలకు చివరగా ఒక మాట. పైన ఇంగ్లీషు పుస్తకాల గురించి చెప్పినదంతా మీకు తిరగబడుతుంది. డల్లాస్‌లోనో, షికాగోలోనో ఉన్నప్పుడు అక్కడి పట్టికే మీకు సరైనది. టమాటా, వంకాయ, మొక్కజొన్న వేసవిలో తెచ్చుకోండి, గుమ్మడి అక్టోబర్‌లో. ఆ పుస్తకం ఇక్కడినుంచి మోసుకెళ్ళకండి, అక్కడ దిగాక ఆ ఊరి లైబ్రరీలో నాలుగు చూసి ఒకటి కొనుక్కోండి. సూట్‌కేసులో ఆ బరువుకు బదులు గ్రాములు చూపించే చిన్న తూకం మెషిన్ ఒకటి, మీ అమ్మ చెప్తుంటే మీరు గ్రాముల్లో రాసుకున్న పప్పు, పులుసు, పచ్చడి కొలతల నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. అమ్మ చేత్తో వేసే గుప్పెడు చింతపండును వెళ్ళేముందే తూచి రాసుకోండి. ఫోన్‌లో అడిగితే ఆవిడ "ఒక గుప్పెడు నాన్నా" అనే చెప్తుంది.