న్యూస్‌లెటర్‌కి చందా కట్టాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

డబ్బు తీసుకుని పాఠకుల మెయిల్‌కి న్యూస్‌లెటర్ రాసి పంపేవాళ్లలో నేనూ ఉన్నాను. కాబట్టి నా మాటల్లో కాస్త స్వార్థం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

అపోహ: ఇదివరకు పత్రికలు చవగ్గా వచ్చేవి, ఇప్పుడు ఒక్కడు రాసే మెయిల్‌కి ఇంత రేటా?

చవగ్గా రావడానికి కారణం, మిగతాది ఇంకెవరో కట్టడం. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టినప్పుడు వెనక అమృతాంజనం వ్యాపారం ఉంది. తర్వాతి పత్రికల ఖర్చు చాలావరకు ప్రకటనలు మోశాయి. ఒంటరిగా రాసేవాడికి తలనొప్పి మందు కంపెనీ ఉండదు కదా. ప్రకటన తీసుకుంటే, రేపు ఆ ప్రకటన ఇచ్చినవాళ్ల గురించి రాయాల్సి వస్తే చెయ్యి ఆడదు.

ఉచితంగా నడిచేవి లేవని కాదు. ఈమాట అనే వెబ్ పత్రిక 1998 నుంచి చందా లేకుండానే వస్తోంది. అక్కడ డబ్బు బదులు కొందరి తీరిక సమయం ఖర్చవుతోంది.

అపోహ: కట్టిందంతా రాసినవాళ్లకే చేరుతుంది.

న్యూస్‌లెటర్లు పంపి, చందాలు వసూలు చేసిపెట్టే వేదిక సబ్‌స్టాక్. అందులో ఒక రచయితకు నెలకు 5 డాలర్లు కట్టారనుకోండి. సబ్‌స్టాక్ 10 శాతం, అంటే 50 సెంట్లు తీసుకుంటుంది. చెల్లింపు నడిపే స్ట్రైప్ 2.9 శాతం, పైన 30 సెంట్లు పట్టుకుంటుంది. నెలనెలా వచ్చే చందా కాబట్టి ఇంకో 0.7 శాతం. చివరికి చేతికొచ్చేది 4 డాలర్ల పైన రెండు సెంట్లు.

ఇందులో చూడాల్సింది ఆ 30 సెంట్లు. కట్టిన ప్రతిసారీ అది పోతుంది. అదే రచయిత ఏడాది చందా 50 డాలర్లనుకోండి, ఒకేసారి కడితే అది ఒక్కసారే పోతుంది, రచయితకు దాదాపు 43 చేరతాయి. నెలనెలా కడితే మీకు 60 అవుతుంది, ఆయనకు 48 చేరతాయి. మీకు పది మిగిలితే ఆయనకు తగ్గేది ఐదే. పైగా ఏడాది డబ్బు ముందే చేతిలో ఉంటే రాసేవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. ఘోస్ట్ అనే ఇంకో వేదికలో చందాలో వాటా తీసుకోరు, రచయిత దగ్గరే నెలవారీ అద్దె తీసుకుంటారు.

అపోహ: మనవాళ్లు డబ్బులు కట్టరు.

కట్టడం ఎంత తలనొప్పో చూడకుండా అనే మాట ఇది. 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన వచ్చాక, కార్డు నుంచి దానంతట అదే కట్ అయ్యే విదేశీ చందాలు చాలా ఆగిపోయాయి. పాఠకుడికి ఆ సంగతే తెలియదు, రచయితేమో వదిలేశాడనుకున్నాడు. 2024లో స్ట్రైప్ భారత్‌లో కొత్త ఖాతాలు ఆహ్వానం ఉన్నవాళ్లకే అనేసింది. అందుకే ఇక్కడ రాసేవాళ్లలో కొందరు యూపీఐతో నెట్టుకొస్తుంటాం. ఎక్సెల్ షీట్‌లో మెయిల్ ఐడీ, రిఫరెన్స్ నంబర్, గడువు తేదీ. ఎవరో ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పంపి మెయిల్ ఐడీ ఇవ్వడం మర్చిపోతారు, ఆ డబ్బు ఎవరిదో వెతకడం ఒక పని. కానీ మధ్యలో కమీషన్ ఉండదు.

అపోహ: ఉచితంగా చదివేవాళ్లు రచయితకు బరువు.

అదేం లేదు. ఉచిత పాఠకుల్లో 5 నుంచి 10 శాతం మంది చందాదారులవుతారని సబ్‌స్టాకే రచయితలకు చెబుతుంది. మిగతావాళ్లు వాట్సాప్‌లో పంపితేనే ఆ కొద్దిమందీ వచ్చేది.

అపోహ: చదవకపోయినా కట్టాలి, పాపం రాస్తున్నారు.

ఇది నాకు అసలు నచ్చదు. ఐదుగురికి ఐదేసి డాలర్లంటే నెలకు రెండు వేల రూపాయలు దాటుతుంది. ఊరూరా విలేకరులున్న దినపత్రిక అంతకంటే చాలా తక్కువకే గుమ్మంలో పడుతోంది. అందరికీ కట్టడం జరిగే పని కాదు. పోయిన నెల ఎవరి మెయిల్ రాగానే తెరిచారో చూసుకోండి. ఆ ఒకరిద్దరికి ఏడాది చందా కట్టండి. మిగతావాళ్లకు ఒక్క నెల కట్టి, పాతవన్నీ చదివేసి, క్యాన్సిల్ చేయండి. మాకు కాస్త చివుక్కుమంటుంది, పట్టించుకోకండి. క్యాన్సిల్ నొక్కినా కట్టిన గడువు పూర్తయ్యేదాకా చదువుకోవచ్చు, కాబట్టి ఆ పని మొదటి రోజే చేసేయొచ్చు.